అబాట్ బాబ్లర్: ఒకే జాతి, పలు ప్రాంతీయ రూపాలు

పిట్ట స్వరూపం

అబాట్ బాబ్లర్ ఉష్ణమండల అడవుల్లో నేలను అంటిపెట్టుకుని బతికే చిన్న పక్షి. సుమారు 15 సెంటీమీటర్ల పొడవుతో దాదాపు పిచ్చుకంత ఉంటుంది. వీపు, రెక్కలు పచ్చని ఛాయ కలిసిన గోధుమ రంగు. గొంతు, ఎద తెల్లన. పక్కలు, తోక అడుగు తుప్పు రంగు. తోక పొట్టిది, ముక్కు మాత్రం ఒంటికి మించి దళసరిగా కనిపిస్తుంది. ఆడపక్షికీ మగపక్షికీ పైకి తేడా తెలియదు. మెరిసే ఈకలు గాని, కిరీటం వంటి జుట్టు గాని లేవు. అడవిలో దీన్ని చూసినవారికంటే విన్నవారే ఎక్కువ. మూడు నాలుగు ఈల స్వరాలు వరసగా వస్తాయి, చివరి స్వరం అన్నిటికంటే పైస్థాయిలో ఉంటుంది. జంటలో ఒకటి పిలిస్తే రెండోది అందుకుని బదులిస్తుంది.

ఇది హిమాలయాల పాదాల దగ్గర నేపాల్ నుంచి తూర్పుగా ఈశాన్య భారతం, బంగ్లాదేశ్, మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాంల మీదుగా మలేసియా, సుమత్రా, బోర్నియోల వరకు విస్తరించి ఉంది. ఈ విస్తరణకు దూరంగా, దక్షిణాన విడిగా మిగిలిన చిన్న తావు ఒకటి ఉంది: ఆంధ్రప్రదేశ్ ఉత్తర భాగంలోని తూర్పు కనుమలు. అక్కడి రూపానికి శాస్త్రం ఒక తెలుగువాడి పేరు పెట్టింది. అంత దూరాన ఈ పిట్ట ఎందుకుంది, మిగతా చోట్ల ఉన్నదానికీ దీనికీ తేడా ఎలా వచ్చింది, ఆ తేడాకు విలువ ఎంత అన్నవి ఈ అధ్యాయంలోని ప్రధాన విషయాలు.

వర్గీకరణలో స్థానం

ఈ జాతిని 1845లో ఎడ్వర్డ్ బ్లిత్ వర్ణించాడు. ఆయన కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ మ్యూజియానికి క్యురేటర్. ఆయనకు అందిన నమూనా మయన్మార్ పడమటి తీరంలోని అరకాన్ ప్రాంతానిది. దాన్ని సేకరించింది అక్కడ ఉద్యోగం చేసిన అబాట్ అనే ఆంగ్లేయ అధికారి. జాతికి మలకోసింక్లా అబాటి అన్న పేరు అలా వచ్చింది.

తరువాతి కాలంలో ఈ పక్షి ప్రజాతి పలుమార్లు మారింది. ట్రైకాస్టోమా అన్న ప్రజాతిలో చాలాకాలం ఉంచారు. బాబ్లర్లన్నిటినీ టిమాలిడే అనే ఒకే పెద్ద కుటుంబంగా భావించిన రోజులవి. గత పాతికేళ్లలో డీఎన్ఏ ఆధారంగా జరిగిన అధ్యయనాలు ఆ కుటుంబాన్ని కొన్నిగా విడదీశాయి. ఇళ్ల పెరళ్లలో గుంపులుగా గోల చేస్తూ తిరిగే బూడిదరంగు బాబ్లర్లు ఒక కుటుంబానికి, అడవి నేలమీద జంటలుగా తిరిగే బాబ్లర్లు మరో కుటుంబానికి చేరాయి. అబాట్ బాబ్లర్ రెండో కుటుంబమైన పెల్లోర్నీడేలో ఉంది.

దీని బంధువుల్లో ఒకటైన నల్లకనుబొమ్మ బాబ్లర్ చరిత్ర ఈ పక్షులు ఎంత మరుగున బతుకుతాయో చూపిస్తుంది. బోర్నియోకు చెందిన ఆ పక్షి 1840లలో దొరికిన ఒకే నమూనా ద్వారా శాస్త్రానికి తెలుసు. ఆ తరువాత సుమారు 170 ఏళ్లు ఎవరికీ కనిపించలేదు. 2020 అక్టోబరులో దక్షిణ కాలిమంతాన్‌లో స్థానికులు ఇద్దరు దాన్ని పట్టి, ఫొటోలు తీసి, తిరిగి వదిలిపెట్టారు. అప్పుడే అది బతికి ఉందని రుజువైంది.

తుప్పల్లో బతుకు

అబాట్ బాబ్లర్ జీవితమంతా నేల నుంచి మనిషి ఎత్తు లోపల గడుస్తుంది. దట్టమైన తుప్పలు, తీగలు, వెదురు పొదలు, గెడ్డల ఒడ్డున పెరిగే గుబుర్లు దీని నివాసాలు. ఎండుటాకుల మధ్య, కింది కొమ్మల మీద గెంతుతూ పురుగులను ఏరుకుంటుంది. దూరం ఎగరాల్సిన అవసరం దీనికి దాదాపు రాదు. రెక్కలు పొట్టిగా, గుండ్రంగా ఉంటాయి. ఒక గుబురు నుంచి పక్క గుబురుకు చేరడానికి అవి చాలు. వలస అన్నది ఈ పక్షికి తెలియదు.

భారతదేశంలో ఇది ఏప్రిల్ నుంచి జూలై వరకు గూడు కడుతుంది. ఆకులు, వేళ్లు, నారతో చేసిన దొప్ప లాంటి గూడు నేలకు కొద్దిపాటి ఎత్తులోనే, ముళ్ల తుప్పలోనో పొట్టి తాటిజాతి మొక్కలోనో ఉంటుంది. గుడ్లు రెండు నుంచి అయిదు వరకు పెడుతుంది. గులాబి ఛాయ గల గుడ్ల మీద ముదురు ఎరుపు చారలు ఉంటాయి. ఆడ, మగ రెండూ పొదుగుతాయి. పిల్లలు పన్నెండు రోజులకు అటూ ఇటుగా గూడు విడిచిపెడతాయి. నేలకు దగ్గరగా ఉండే గూటికి పాములు, ముంగిసలు, తొండల బెడద ఎక్కువ. అందుకే కనబడకుండా ఉండే గుబురు ఈ పక్షి మనుగడకు తిండితో సమానం.

ఇలాంటి పక్షులకు ఖాళీ జాగా ఎంత పెద్ద అడ్డమో పనామాలో జరిగిన ఒక ప్రయోగం చెబుతుంది. పనామా కాలువ కోసం చాగ్రెస్ నదికి ఆనకట్ట కట్టినప్పుడు కొండ శిఖరాలు దీవులుగా మిగిలాయి. ఆ దీవుల్లో కొన్ని అడవి పక్షులు కాలక్రమంలో అంతరించాయి, ఒడ్డునుంచి మళ్లీ వచ్చి చేరలేదు. 2008లో ప్రచురితమైన అధ్యయనంలో పరిశోధకులు అడవి పక్షులను పడవలో తీసుకెళ్లి ఒడ్డుకు రకరకాల దూరాల్లో వదిలారు. కొన్ని జాతులు నూరు మీటర్ల నీటిని కూడా దాటలేకపోయాయి. బలంగా ఎగరలేని అడుగు తుప్పల పక్షికి నది, పొలం, వెడల్పాటి రోడ్డు ఏదైనా సరిహద్దే. ప్రాంతీయ రూపాలు ఏర్పడటానికి పునాది ఈ లక్షణంలోనే ఉంది.

ఆంధ్రప్రదేశ్ ఉత్తర కొసన ఉన్న శ్రీకాకుళం జిల్లాలో దీనికి పూర్తి వ్యతిరేక ఉదాహరణ దొరుకుతుంది. టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్లమీద గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. నౌపడా ఉప్పు మడులు, భావనపాడు వైపు ఉన్న బురద నేలలు, చిత్తడి మడుగులు వాటికి తిండి దొరికే తావులు. పెద్ద రెక్కలతో గాలి వాలును పట్టుకుని అవి ఎంత దూరమైనా పోగలవు. ఒక కొలను ఎండితే మరో కొలనుకు చేరతాయి. అలా అన్ని ప్రాంతాల పక్షులూ కలుస్తూ ఉండటం వల్ల ఈ రెండు జాతుల్లోనూ ఉపజాతులు లేవు. దూరం పోగలిగిన పక్షి ఒకే రూపంతో మిగిలింది, గుబురు దాటని పక్షి ఎక్కడికక్కడ వేరుపడింది.

ఉపజాతి అంటే ఏమిటి

ఒక జాతిలోని పక్షులు ఒక ప్రాంతంలో ఒక రంగులో, మరో ప్రాంతంలో కొద్దిగా మరో రంగులో ఉండవచ్చు. ముక్కు పొడవు, రెక్క కొలత, పాట కూడా మారవచ్చు. ఆ తేడా స్థిరంగా, వంశపారంపర్యంగా ఉండి, ఒక భౌగోళిక ప్రాంతానికి పరిమితమైతే ఆ సమూహాన్ని ఉపజాతి అంటారు. జాతికి రెండు పదాల పేరు ఉంటే ఉపజాతికి మూడు పదాల పేరు ఉంటుంది. మొదట వర్ణించిన రూపానికి జాతి పేరే రెండోసారి వస్తుంది. అందుకే అరకాన్, హిమాలయ ప్రాంతాల రూపం మలకోసింక్లా అబాటి అబాటి.

ఎంత తేడా ఉంటే వేరే ఉపజాతి అనాలి? 1949లో డీన్ అమడాన్ అనే పక్షి శాస్త్రవేత్త 75 శాతం నియమాన్ని విశదీకరించాడు. ఒక సమూహంలోని పక్షుల్లో కనీసం నాలుగింట మూడు వంతులను పక్క సమూహం నుంచి వేరుగా గుర్తించగలిగితేనే ఉపజాతిగా ఒప్పుకోవాలన్నది దాని సారాంశం. ఈ నియమం ఉన్నా వివాదాలు ఆగలేదు. కొన్ని చోట్ల రంగు మెట్లు మెట్లుగా కాక వాలుగా మారుతుంది. ఉత్తరం చివరి పక్షి లేత రంగులో, దక్షిణం చివరిది ముదురు రంగులో ఉన్నా, మధ్యలో గీత గీయడానికి చోటు ఉండదు. అలాంటి మార్పుకు ఉపజాతుల పేర్లు పెట్టడం సరికాదు.

రంగులో తేడాలకు వాతావరణం ఒక కారణం. తేమ ఎక్కువగా ఉండే చోట పక్షుల ఈకలు ముదురు రంగులోనూ, పొడి చోట లేత రంగులోనూ ఉంటాయని 1833లోనే గ్లోగర్ గమనించాడు. ముదురు ఈకల్లో ఎక్కువగా ఉండే మెలనిన్ వర్ణకం ఈకను తినే బాక్టీరియాను కొంత తట్టుకుంటుంది. నీడ దట్టంగా ఉన్న అడవిలో ముదురు రంగు శత్రువు కంటికి చిక్కదు కూడా. రెండో కారణం యాదృచ్ఛికత. చిన్న గుంపు విడిగా మిగిలిపోతే, అందులోని కొన్ని పక్షుల లక్షణాలే తరతరాలుగా అందరికీ సంక్రమిస్తాయి. అలా వచ్చిన తేడా ప్రయోజనం ఏమీ లేకున్నా స్థిరపడుతుంది.

దేశదేశాల రూపాలు

అబాట్ బాబ్లర్ ఉపజాతుల సంఖ్య జాబితాను బట్టి కొద్దిగా మారుతుంది. ఎనిమిదికి అటూ ఇటూ లెక్కిస్తారు. వీటి వర్ణనలు 140 ఏళ్ల వ్యవధిలో, ఒక్కో కాలంలో ఒక్కో దేశపు మ్యూజియంలో జరిగాయి.

బ్లిత్ తరువాత రెండేళ్లకే, 1847లో, స్ట్రిక్‌లాండ్ మలయా ద్వీపకల్పపు రూపానికి ఒలివేసియా అని పేరు పెట్టాడు. ఇది దక్షిణ థాయ్‌లాండ్ నుంచి సుమత్రా దాకా ఉంది. బోర్నియో రూపాన్ని 1895లో బ్యూటికోఫర్ కాంక్రెటాగా వర్ణించాడు. జావాకు ఉత్తరంగా సముద్రంలో ఒంటరిగా ఉన్న బావియన్ అనే చిన్న దీవి పక్షికి 1917లో ఓబర్‌హోల్సర్ బావియానా అన్న పేరు ఇచ్చాడు. థాయ్‌లాండ్ పక్షుల మీద ఎంతో కృషి చేసిన డైగ్నన్ 1948లో ఆ దేశపు తూర్పు భాగపు రూపానికి విలియమ్సోని అనీ, ఆగ్నేయ తీరపు రూపానికి అబ్‌స్క్యూరియర్ అనీ పేర్లు పెట్టాడు. 1957లో సిమ్స్ లావోస్, వియత్నాంల మధ్య ప్రాంతపు రూపాన్ని ఆల్టెరాగా చేర్చాడు.

ఈ పటాన్ని చూస్తే కొన్ని రూపాలు ప్రధాన భూభాగంలో పక్కపక్కనే, కొన్ని దీవుల మీద విడిగా కనిపిస్తాయి. దీవుల రూపాలకు వివరణ సముద్ర మట్టంలో ఉంది. చివరి హిమయుగం తీవ్రంగా ఉన్న సుమారు 20,000 ఏళ్ల క్రితం ప్రపంచమంతటా సముద్రం ఇప్పటికంటే 120 మీటర్ల మేర దిగువన ఉండేది. అప్పుడు సుమత్రా, జావా, బోర్నియోలు మలయా ద్వీపకల్పంతో కలిసి ఒకే నేలగా ఉండేవి. మంచు కరిగి నీరు పెరిగాక ఎత్తైన భాగాలు దీవులై మిగిలాయి. నీటిని దాటలేని తుప్పల పక్షులు ఎక్కడివక్కడ చిక్కుపడ్డాయి. ఇలా కలవడం, విడిపోవడం గత పాతిక లక్షల ఏళ్లలో అనేకసార్లు జరిగింది.

తూర్పు కనుమల రూపం

తూర్పు కనుమలు పడమటి కనుమల మాదిరి తెగని గోడ కాదు. మహానది, వంశధార, నాగావళి, గోదావరి, కృష్ణ, పెన్న నదులు వాటిని ముక్కలు ముక్కలుగా కోశాయి. గోదావరికి ఉత్తరాన ఉన్న భాగం అన్నిటికంటే ఎత్తైనది, తేమ గలది. అరకు, అనంతగిరి, పాడేరు, చింతపల్లి, లంబసింగి ప్రాంతాలు ఇందులోనివే. 2022లో జిల్లాల పునర్విభజన తరువాత ఇందులో ఎక్కువ భాగం అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చింది. ఒడిశా సరిహద్దుకు దగ్గరగా శిఖరాలు 1,600 మీటర్లు దాటుతాయి. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ ఇక్కడ వర్షాన్నిస్తాయి. లోయల్లో, గెడ్డల వెంట ఏడాది పొడవునా పచ్చగా ఉండే అడవి పెరుగుతుంది.

ఈ కొండల పక్షులను క్రమపద్ధతిలో మొదట సేకరించింది 1929–30లో జరిగిన వెర్నే శాస్త్రీయ సర్వే. ఆర్థర్ వెర్నే ఖర్చు భరించగా, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున లా పెర్సొన్ నమూనాలను సేకరించాడు. హ్యూ విస్లర్, కిన్నియర్ వాటిని పరిశీలించి సొసైటీ పత్రికలో భాగాలుగా నివేదిక రాశారు. తూర్పు కనుమల పక్షుల మీద ఈనాటికీ అది మూలాధారం.

ఆ తరువాత దశాబ్దాలపాటు ఈ కొండల వైపు పక్షి శాస్త్రజ్ఞుల చూపు పెద్దగా మళ్లలేదు. ఆ లోటును తీర్చినవారిలో ముఖ్యుడు విశాఖపట్నానికి చెందిన కె.ఎస్.ఆర్. కృష్ణరాజు. 1970లలో ఆయనతో కలిసి పనిచేసిన ఆంగ్ల యువకుడు ట్రెవర్ ప్రైస్. తూర్పు కనుమల్లో చెట్టుపిచ్చుక ఉందని 1973లో ప్రకటించింది ఈ ఇద్దరే. హిమాలయాల్లోనూ, ఈశాన్యంలోనూ మామూలుగా కనిపించే ఆ పిచ్చుక ఇంత దక్షిణాన, విడిగా ఉండటం అప్పట్లో ఆశ్చర్యం కలిగించింది. ఆంధ్రప్రదేశ్ తూర్పు కనుమల్లో ఏ రుతువులో ఏ పక్షులుంటాయో వివరిస్తూ ప్రైస్ 1979లో పెద్ద వ్యాసం ప్రచురించాడు.

1980లలో అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థకు చెందిన సిడ్నీ డిల్లన్ రిప్లీ, బ్రూస్ బీలర్ ఈ కొండల్లో కృష్ణరాజుతో కలిసి పనిచేశారు. రిప్లీ 1964 నుంచి 1984 దాకా ఆ సంస్థకు అధిపతి, సలీం అలీతో కలిసి భారత ఉపఖండపు పక్షుల మీద పది సంపుటాల గ్రంథం రాసినవాడు. విశాఖ కొండల్లో దొరికిన అబాట్ బాబ్లర్లను హిమాలయ ప్రాంతపు నమూనాలతో పోల్చి, ఈకల రంగు ఛాయల్లో తేడాను బట్టి రిప్లీ, బీలర్ 1985లో కొత్త ఉపజాతిని వర్ణించారు. దానికి కృష్ణరాజుయి అని పేరు పెట్టారు. మలకోసింక్లా అబాటి కృష్ణరాజుయి అన్నది దాని పూర్తి పేరు. ఆ తరువాత ముగ్గురూ కలిసి విశాఖ కనుమల పక్షుల మీద సమగ్రమైన వ్యాసాన్ని రెండు భాగాలుగా బొంబాయి సొసైటీ పత్రికలో వెలువరించారు.  

దూరంగా మిగిలిపోయిన తీరు

హిమాలయాల పాదాల నుంచి విశాఖ కొండలకు గీత గీస్తే సుమారు వెయ్యి కిలోమీటర్లు. మధ్యలో గంగా మైదానపు సాగునేలలు, ఛోటానాగపూర్ పీఠభూమిలోని పొడి సాల అడవులు ఉన్నాయి. గుబురు నుంచి గుబురుకు గెంతే పిట్ట ఇంత దూరం ఎగిరి వచ్చి ఉండదు. ఒకప్పుడు తేమ అడవి ఈ రెండు ప్రాంతాలనూ కలిపి ఉండాలి. హిమయుగాల్లో రుతుపవనాలు బలహీనపడినప్పుడు భారత ద్వీపకల్పం ఎండింది, తేమ అడవి ముక్కలై కొండల ఒడిలోని లోయలకు కుంచించుకుపోయింది. ఆ అడవితోపాటే అందులోని పక్షులూ విడిపోయాయి. తరువాత మనిషి వ్యవసాయం మధ్యనున్న అడవిని మరింత చెరిపింది.

ఇలా దూరంగా మిగిలిన జంతుజాలాన్ని వివరించడానికి సుందర్‌లాల్ హోరా 1949లో సాత్పురా సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. హిమాలయ, మలయా ప్రాంతాల జీవులు వింధ్య–సాత్పురా కొండల వెంట పడమటి కనుమలకు చేరాయన్నది ఆయన వాదం. ఆయన చేపలను దృష్టిలో పెట్టుకుని చెప్పిన మాటను తరువాత పక్షులకూ అన్వయించారు. అయితే అబాట్ బాబ్లర్ పడమటి కనుమల్లో లేదు. అంటే ఈ పిట్ట వచ్చిన దారి తూర్పు తీరపు కొండలదే అనుకోవడం సబబు. చిన్న సాలీడువేట పిట్ట మాత్రం ఈశాన్యంలోనూ, తూర్పు కనుమల్లోనూ, పడమటి కనుమల్లోనూ ఉంది. అరటిపూలలోని తేనె తాగే ఆ పక్షి బలంగా ఎగరగలదు. ఒకే కొండల్లో ఉన్న రెండు పక్షుల విస్తరణలు ఇలా వేరుగా ఉండటం వాటి రెక్కల బలాన్నీ, చరిత్రనూ రెంటినీ సూచిస్తుంది.

రూపం ఎప్పుడు జాతి అవుతుంది

విడిగా మిగిలిన రూపం కాలం గడిచేకొద్దీ మరింత వేరవుతుంది. ఒకనాడు రెండు రూపాలూ మళ్లీ ఎదురుపడితే జత కట్టవు. అప్పుడు అవి రెండు జాతులు. 1942లో ఎర్నెస్ట్ మేయర్ ఇచ్చిన నిర్వచనంలోని ప్రధానాంశం ఇదే. ఈ మార్పు నడుస్తుండగా చూసే అవకాశం అరుదు. అలాంటి అవకాశం ఇచ్చిన పక్షి ఒకటి చలికాలమంతా తూర్పు కనుమల్లోనే గడుపుతుంది. అదే పచ్చని ఆకు వార్బ్లర్, పది గ్రాముల బరువైనా ఉండని పిట్ట.

ఈ వార్బ్లర్ వేసవిలో టిబెట్ పీఠభూమి చుట్టూ ఉన్న అడవుల్లో గూళ్లు కడుతుంది. హిమాలయాల నుంచి పడమటి వైపుగా ఒక వరుస, తూర్పు వైపుగా ఒక వరుస ఉత్తరానికి సాగి, సైబీరియాలో రెండు కొసలూ కలుస్తాయి. వరుస పొడవునా పక్కపక్క రూపాల మధ్య తేడా స్వల్పం. సైబీరియాలో ఎదురుపడిన రెండు కొసల పక్షులు మాత్రం ఒకదాని పాటను మరొకటి గుర్తించవు, జత కట్టవు. డారెన్ ఇర్విన్, స్టాఫన్ బెన్ష్, ట్రెవర్ ప్రైస్ 2001లో ఈ విషయాన్ని నేచర్ పత్రికలో ప్రకటించారు. 2014లో వచ్చిన విస్తృత జన్యు అధ్యయనం ఆ వలయంలో కొన్ని పాత తెంపులు కూడా ఉన్నాయని తేల్చి, చిత్రాన్ని సవరించింది. ఈ వార్బ్లర్ చలికాలపు జీవితాన్ని ప్రైస్ 2001 నాటి ఆ ప్రకటనకు ఇరవై ఏళ్ల ముందే తూర్పు కనుమల్లో అధ్యయనం చేశాడు. పక్షుల్లో కొత్త జాతుల పుట్టుక మీద 2008లో ప్రామాణిక గ్రంథం రాసినదీ ఆయనే.

కృష్ణరాజుయి జాతిగా మారే దారిలో ఎంత దూరం వచ్చిందో తేల్చడానికి ఈకల రంగు ఒక్కటే చాలదు. నేటి పద్ధతిలో మూడు ఆధారాలు చూస్తారు. ఒకటి శరీర కొలతలు, రంగు. రెండు పాట. మూడు డీఎన్ఏ. 2010లో జోసెఫ్ టోబియాస్ బృందం ప్రతిపాదించిన పద్ధతిలో రంగు, కొలత, పాట వంటి ఒక్కో తేడాకు అంకెలు వేసి, మొత్తం ఏడుకు చేరితే జాతిగా పరిగణిస్తారు. పాటకు ఇందులో ప్రత్యేక స్థానం ఉంది. చీకటి తుప్పల్లో జంటను వెతుక్కునే పక్షికి రంగుకంటే గొంతే గుర్తు. అబాట్ బాబ్లర్ పిలుపుల్లో ప్రాంతాన్ని బట్టి తేడాలున్నాయి కాబట్టి, రికార్డింగులను పోల్చడం ఈ పరిశీలనలో మొదటి మెట్టు.

ఉద్దానం తోటలు, కొండ అడవులు

విశాఖ కొండలకు ఈశాన్యంగా తూర్పు కనుమలు శ్రీకాకుళం జిల్లా సరిహద్దు వెంట సాగి, మందస దగ్గర మహేంద్రగిరిగా పైకి లేస్తాయి. ఒడిశాలో ఉన్న ఆ శిఖరం ఎత్తు 1,501 మీటర్లు. దాని పాదాల నుంచి సముద్రం దాకా ఉన్న ఇసుక నేల ఉద్దానం. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో కొబ్బరి, జీడి, పనస తోటలు కిలోమీటర్ల కొద్దీ నీడ పరుస్తాయి. దక్షిణాన భావనపాడు వైపు సరుగుడు తోటలు, ఉప్పు మడులు మొదలవుతాయి.

పైనుంచి చూస్తే ఉద్దానం అడవిలాగే పచ్చగా ఉంటుంది. కాని తుప్పల పక్షి కంటితో చూస్తే అది ఖాళీ నేల. జీడిపిక్కలు నేల రాలినవే ఏరుకోవాలి కాబట్టి రైతు కాపుకు ముందే చెట్ల కింద గడ్డి, తుప్పలు నరికి శుభ్రం చేస్తాడు. కొబ్బరితోటలోనూ అడుగు దుబ్బులు మిగలవు. తేనెపిట్టలు, పిగిలిపిట్టలు, కోయిలలు పై కొమ్మల్లో, పూలల్లో బతుకుతాయి కాబట్టి ఈ తోటలు వాటికి సరిపోతాయి. ఎండుటాకుల్లో పురుగులు ఏరుకుని, నేలకు దగ్గరగా గూడు కట్టే పక్షికి ఇక్కడ తిండి గాని, దాపు గాని లేవు. 2018 అక్టోబరు 11న పలాస ప్రాంతాన్ని తాకిన తిత్లీ తుపాను ఈ తోటల్లో లక్షలాది చెట్లను కూల్చింది. పై నీడ పోయినప్పుడు అందరికీ కనిపించింది. కొండల్లో అడుగు తుప్ప పోవడం అలా కంటికి ఆనదు.

కొండ అడవుల్లో మార్పులు మరో రకం. పోడు వ్యవసాయంలో అడవిని నరికి, కాల్చి, కొన్నేళ్లు పండించి వదిలేస్తారు. మధ్య విరామం పొడవుగా ఉన్న రోజుల్లో ఆ నేల మీద తుప్పలు దట్టంగా మొలిచేవి. అబాట్ బాబ్లర్ అలా మళ్లీ మొలిచిన అడవిలోనూ బతకగలదు. విరామం తగ్గేకొద్దీ తుప్ప పెరిగే వ్యవధి లేకుండా పోయింది. అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతాల్లో కాఫీ సాగు పోడుకు బదులుగా వచ్చింది. నీడ చెట్ల కింద పెరిగే కాఫీ పోడు కాల్చిన నేలకంటే నయమే. కాని అక్కడా అడుగు భాగంలో సహజమైన తుప్పల స్థానాన్ని కాఫీ మొక్కలే ఆక్రమిస్తాయి. పై నీడకు సిల్వర్ ఓక్ ఒక్కటే నాటిన చోట చెట్ల వైవిధ్యం కూడా తగ్గుతుంది. ఇలా మనిషి మార్చిన అడవులను పక్షులు ఎలా వాడుకుంటున్నాయన్న ప్రశ్న మీద బీలర్, కృష్ణరాజు, షాహిద్ అలీ 1987లో ఐబిస్ పత్రికలో వ్యాసం రాశారు. ఉష్ణమండల ఆసియాలో ఈ ప్రశ్నను ముందుగా పట్టించుకున్న పరిశోధనల్లో అది ఒకటి.

రక్షణలో ఒక వెలితి

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఎర్ర జాబితాలో అబాట్ బాబ్లర్‌ది ఆందోళన అక్కర్లేని స్థానం. నేపాల్ నుంచి బోర్నియో దాకా విస్తరించిన జాతికి ఆ నిర్ణయం న్యాయమైనదే. అయితే ఆ జాబితా పక్షులను జాతి స్థాయిలో లెక్కిస్తుంది. ఉపజాతికి విడిగా అంచనా ఉండదు. విశాఖ కొండల్లోని కొన్ని లోయల నుంచి ఈ రూపం తుడిచిపెట్టుకుపోయినా, జాతి స్థానంలో ఒక్క అక్షరం మారదు.

ఆ నష్టం అల్పమైనది కాదు. ఉపజాతి అంటే ఒక ప్రాంతపు వానకు, నీడకు, శత్రువులకు వేల ఏళ్లుగా సర్దుకున్న జన్యు సంపద. వాతావరణం మారుతున్న కాలంలో జాతి మొత్తానికి పనికివచ్చే గుణాలు విస్తరణ అంచున మిగిలిన గుంపుల్లోనే ఉండవచ్చు. పైగా, ద్వీపకల్పం ఒకప్పుడు తేమ అడవితో ఈశాన్యానికి కలిసి ఉండేదనడానికి ఇలాంటి పక్షులే సజీవ సాక్ష్యాలు.

దీన్ని కాపాడటానికి ప్రత్యేక పథకం అవసరం లేదు. గెడ్డల వెంట రెండు ఒడ్డులా సహజమైన తుప్పలను నరకకుండా వదిలితే లోయకూ లోయకూ మధ్య దారి ఏర్పడుతుంది. కాఫీ తోటల్లో స్థానిక చెట్లను కలిపి పెంచడం, తోటల మధ్య అడవి ముక్కలను ఉంచడం రైతుకు భారం కాదు. పక్షులను చూసే అలవాటున్నవారు తోడ్పడే మార్గమూ ఉంది. కొండల్లో విన్న పిలుపును ఫోనులో రికార్డు చేసి, చోటు, తేదీ, ఎత్తు వివరాలతో ఈబర్డ్ లేదా జెనో-కాంటో వంటి బహిరంగ నిధుల్లో చేర్చవచ్చు. రికార్డు వినిపించి పక్షిని పదేపదే రప్పించడం మాత్రం, ముఖ్యంగా ఏప్రిల్–జూలై గూళ్ల కాలంలో, చేయకూడదు. అరకు నుంచి మహేంద్రగిరి దాకా ఏ గెడ్డ ఒడ్డున ఈ పిట్ట ఉంది, ఎక్కడ లేదు అన్న పటం తయారైతేనే కృష్ణరాజుయి రక్షణకు ఆధారం దొరుకుతుంది.